మా అత్తగారింటి వంశవృక్షం: పేర్లు సరే, పక్క గళ్ళు చూశారా

మా ఆయన వాళ్ళ ఫ్యామిలీ ట్రీ ఆన్‌లైన్‌లో ఎప్పట్నుంచో ఉంది. వాళ్ళ దూరపు చుట్టం ఒకాయన రిటైర్ అయ్యాక ఊరికే కూర్చోలేక కట్టాడు. వేలల్లో పేర్లు, పైకి వెళ్తూ వెళ్తూ ఒక కొమ్మ ఏకంగా విలియం ద కాంకరర్ దాకా వెళ్ళిపోయింది, అంటే 1066లో ఇంగ్లండ్‌ని జయించిన రాజు. ఇంగ్లండ్‌లో బోల్టన్ అనే ఊరి పక్కన బొగ్గు తవ్వుకునే వాళ్ళకి రాజుగారితో చుట్టరికం ఎలా కలిసిందబ్బా అని ఒక్కో మెట్టూ దిగుతూ చూస్తే, మధ్యలో ఒకావిడ వాళ్ళమ్మ కంటే రెండేళ్ళు ముందు పుట్టేసింది. ఎవరూ పట్టించుకోలేదు. ఇంకో పదిమంది ఆ కొమ్మని అలాగే కాపీ కొట్టి వాళ్ళ చెట్లకి అంటించుకున్నారు కూడా.

మా అత్తగారు ఆ ట్రీ నాకు చూపించి "ఇదిగో మా నాయనమ్మ" అంది. ఇక్కడ అత్తగార్లని కూడా పేరు పెట్టే పిలవాలి, నాకు ఇన్నేళ్ళైనా నోరు రాక మమ్ అనేస్తుంటా. సరే చూశా. పేరు, పుట్టిన ఏడాది, పోయిన ఏడాది, అయిపోయింది. ఆవిడ ఎలా ఉండేది, ఏం చేసేది అని అడిగితే మమ్‌కీ తెలీదు, "నేను పుట్టకముందే పోయిందమ్మా, నాన్న ఆవిడ గురించి ఎప్పుడూ నోరు విప్పలేదు" అంది. నాకు అక్కడ పట్టుకుంది. ఒక మనిషి బతుకంతా రెండు సంవత్సరాల మధ్య గీసిన చిన్న గీతలో ఇరికించేస్తే ఎలా.

ఇంగ్లండ్‌లో కాయితాలకైతే కొదవ లేదు. 1538లోనే ఎనిమిదో హెన్రీ దగ్గర మంత్రిగా ఉన్న థామస్ క్రామ్‌వెల్ ప్రతి చర్చిలో బాప్టిజాలు, పెళ్ళిళ్ళు, పాతిపెట్టినవీ పుస్తకంలో రాయమని ఆర్డర్ వేశాడు. 1837 జులై 1 నుంచి పుట్టుకలు చావులు గవర్నమెంటే రిజిస్టర్ చేస్తోంది. జనాభా లెక్కలు 1801లో మొదలెట్టారు, కానీ ఇంటింటికీ పేర్లతో సహా దేశమంతా రాసింది 1841 నుంచి. అందులో కూడా పదిహేనేళ్ళు దాటినవాళ్ళ వయసుని ఐదు ఐదుగా కిందకి దించి రాయమన్నారు, ముప్పై నాలుగేళ్ళాయన కాయితం మీద ముప్పై అయిపోతాడు. ఇది తెలీక ఎంతమంది తప్పుడు తాతల్ని తగిలించుకున్నారో చెప్పలేం. 1851 నుంచి నయం, సరైన వయసు, పుట్టిన ఊరు అన్నీ ఉంటాయి. వందేళ్ళ దాకా ఎవరికీ చూపించరు, తర్వాత తెరుస్తారు.

అయితే ఒకటి, ఇవన్నీ మనకోసం రాసినవి కాదు. చర్చి లెక్క చర్చిది, సర్కారు లెక్క సర్కారుది, మిలటరీ లెక్క మిలటరీది. మన ముసలావిడ కథ ఎవడికీ అక్కర్లేదు. ఆ అక్కర్లేని కథే పక్క గళ్ళల్లో ఎక్కడో చిక్కుకుని ఉంటుంది. వృత్తి అనే గడి, సంతకం పెట్టే చోటు, సాక్షుల పేర్లు, చావు ఎవరొచ్చి చెప్పారు అనే గడి. ట్రీలు కట్టేవాళ్ళు పేరూ తేదీ నొక్కుకుని నెక్స్ట్ అంటూ పోతారు, ఇవేవీ చదవరు.

1911 సెన్సస్ సంగతే చూడండి, ఏప్రిల్ 2న తీశారు. దానికి ముందు లెక్కల్లో ఎన్యూమరేటర్ ఇంటింటి ఫారాలూ తన పుస్తకంలోకి ఎక్కించుకునేవాడు, మనకి మిగిలింది ఆయన చేతిరాతే. 1911లో మాత్రం ఇంటివాళ్ళు స్వయంగా నింపిన ఫారాలే దాచారు. అంటే మీ ముత్తాత చేతిరాత, ఆయన సిరా మరకలు, ఆయన స్పెల్లింగ్ తప్పులతో సహా ఉంటాయి. (ఆ ఏడాదే ఓటుహక్కు ఉద్యమంలో ఆడవాళ్ళు చాలామంది మమ్మల్ని లెక్కలోకి తీసుకోనప్పుడు మీ లెక్కల్లో మేమెందుకు అని ఆ రాత్రి ఇళ్ళల్లో లేకుండా పోయారు, ఎమిలీ డేవిసన్ అయితే పార్లమెంటు భవనంలోనే ఒక అల్మరాలో దాక్కుంది. ఆమెని పార్లమెంటు అడ్రసులోనే లెక్కేశారు.) అదే ఫారంలో పెళ్ళైన ఆడవాళ్ళకి కొత్తగా ఒక ప్రశ్న పెట్టారు. పెళ్ళై ఎన్నేళ్ళు, ప్రాణంతో పుట్టిన పిల్లలెందరు, ఇప్పుడు బతికున్నది ఎందరు, పోయినవాళ్ళెందరు. పక్కపక్కన నాలుగు గళ్ళు.

మమ్ వాళ్ళ నాయనమ్మ ఫారం వెస్ట్‌హౌటన్‌లో దొరికింది. బోల్టన్ నుంచి ఎంతో దూరం లేదు. కుటుంబ యజమాని అన్నచోట ఆవిడ పేరే ఉంది, పక్కన విడో అని రాసుకుంది. రూల్ ప్రకారం విధవలు ఆ పిల్లల గళ్ళు నింపక్కర్లేదు, పెళ్ళై భర్త ఉన్నవాళ్ళకి మాత్రమే ఆ ప్రశ్న. కానీ ఆవిడ నింపింది. 19 ఏళ్ళు, తొమ్మిది మంది, ఐదుగురు ఉన్నారు, నలుగురు పోయారు. అంకెలు పెద్దగా, కొంచెం పక్కకి వాలి, ఐదు మీద టోపీ గీత విడిగా పెట్టి మరీ ఉన్నాయి. ఆఫీసులో క్లర్కు రూల్ చూసి ఎర్ర సిరాతో వాటిని అడ్డంగా కొట్టేశాడు. పాపం ఆయన డ్యూటీ ఆయన చేశాడు, కానీ అంకెలు కింద చక్కగా కనిపిస్తూనే ఉన్నాయి. ఇలా రూల్ తెలీక నింపేసిన విధవలు ఇంగ్లండంతా బోలెడుమంది ఉన్నారట, వాళ్ళ పుణ్యమా అని ఇవాళ మనకి లెక్క దొరుకుతోంది. నేను మాత్రం ఆవిడ రూల్ తెలీక నింపిందనుకోను. పోయిన పిల్లల గురించి ఆవిడని ఎవరైనా కాయితం మీద అడిగింది అదొక్కసారే, మొగుడు లేడు కాబట్టి చెప్పొద్దంటే ఊరుకుంటుందా.

సరే ఆ నలుగురు ఎవరు? ఇక్కడ పుట్టుకలు చావులు రిజిస్టర్ చేసే జనరల్ రిజిస్టర్ ఆఫీస్ వాళ్ళ ఇండెక్స్ ఉంటుంది. పాత ఇండెక్సులో పిల్లల పేరు పక్కన తల్లి పుట్టింటి పేరు 1911 సెప్టెంబర్ క్వార్టర్ నుంచే ఉండేది, కొత్తగా ఆన్‌లైన్‌లో పెట్టినదాంట్లో 1837 దాకా వెనక్కి ఎక్కించారు. ఇది ఎంత పెద్ద సుఖమో ఈ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. తండ్రి ఇంటిపేరు, తల్లి పుట్టింటి పేరు, బోల్టన్ జిల్లా అని కొడితే వరసగా తొమ్మిది పుట్టుకలు వచ్చాయి, ఆవిడ చెప్పిన లెక్క కరెక్టు. అందులో ఐదుగురు 1911 ఫారంలో ఉన్నారు. మిగతా పేర్లు చావుల ఇండెక్సులో వెతికితే ముగ్గురు దొరికారు, ఒకరికి వారాలు, ఒకరికి ఎనిమిది నెలలు, ఒకరికి రెండేళ్ళు. రెండు సెన్సస్‌ల మధ్య పుట్టి రెండు సెన్సస్‌ల మధ్యే పోయారు, అందుకే ఏ లెక్కల పుస్తకంలోనూ లేరు. సర్టిఫికెట్ల కాపీలు తెప్పించా. కారణాలు పుట్టుకతోనే నీరసం, ఫిట్స్, కోరింత దగ్గు అని ఉన్నాయి. చావు కబురు ఎవరిచ్చారు అన్న గడిలో మూడింట్లోనూ ఒకటే మాట, తల్లి, చనిపోయేటప్పుడు దగ్గరే ఉంది.

ఇంకో సంగతి, ఆ ఎనిమిది నెలల పిల్లాడి పేరూ మమ్ వాళ్ళ నాన్న పేరూ ఒకటే. పోయిన బిడ్డ పేరు తర్వాత పుట్టినవాడికి పెట్టడం అప్పట్లో ఇక్కడ మామూలే. మన చుట్టంగారి ట్రీలో ఇద్దర్నీ ఒకడే అనుకుని కలిపేశాడు, అందుకని దాని ప్రకారం మా అత్తగారి తండ్రి ఎనిమిది నెలలప్పుడే పోయి, నలభై ఏళ్ళ తర్వాత ఈవిడని కన్నాడు. మమ్ ముందు పగలబడి నవ్వింది, తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు, "అంటే నాన్నకి తెలిసే ఉంటుందిగా" అంది.

ముగ్గురయ్యారు, మరి నాలుగో మనిషి? చిన్నపిల్లల చావుల్లో ఎంత వెతికినా లేడు. 1901 లెక్కల్లో ఏడేళ్ళ పిల్లాడు ఒకడు ఉన్నాడు, 1911లో లేడు. మమ్‌ని అడిగితే పెదనాన్న ఒకాయన కెనడా వెళ్ళిపోయాడని ఇంట్లో అనుకునేవాళ్ళు అంది. కెనడా లేదు ఏం లేదు. 1910 డిసెంబర్ 21 పొద్దున వెస్ట్‌హౌటన్ దగ్గర హల్టన్ కాలరీ వాళ్ళ ప్రిటోరియా పిట్‌లో గ్యాస్ అంటుకుని పేలింది, 344 మంది పోయారు, క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు. బ్రిటన్ గనుల చరిత్రలో అంతకంటే పెద్దవి రెండే, 1866లో ఓక్స్, 1913లో వేల్స్‌లో సెంగెనిడ్. వెస్ట్‌హౌటన్ పక్కనే ఉంటూ నేను ఆ పేరు వినడం అదే మొదటిసారి, మా ఆయన మాత్రం స్కూల్లో చెప్పారని తాపీగా అన్నాడు, వాళ్ళ ముత్తాత అందులో ఉన్నాడని మాత్రం తెలీదట! పోయినవాళ్ళ లిస్టులో తండ్రీ ఉన్నాడు, పదిహేడేళ్ళ కొడుకూ ఉన్నాడు, ఒకటే అడ్రసు. తండ్రీకొడుకులు, అన్నదమ్ములు అలా ఒకే ఇంటి నుంచి పోయినవాళ్ళు ఆ లిస్టు నిండా ఉన్నారు.

వీళ్ళిద్దరి డెత్ సర్టిఫికెట్లలో చావు కబురు ఇచ్చిన గడిలో ఆవిడ పేరు లేదు. విచారణ జరిగిన చావులకి కరోనర్, అంటే ఆ విచారణ చేసే అధికారి, పంపిన కాయితం మీదే రిజిస్టర్ చేస్తారు, కాబట్టి అక్కడ కరోనర్ పేరు ఉంది. పసిపిల్లల దగ్గర కూర్చుని సాగనంపిన మనిషికి వీళ్ళ దగ్గర ఉండే వీలు లేకపోయింది.

డిసెంబర్ 21 నుంచి ఏప్రిల్ 2కి ఎన్ని రోజులో మీరే లెక్కేసుకోండి. ఆ ఫారం నింపేనాటికి ఆవిడ చంకలో ఒక పిల్లాడు, అదే మమ్ వాళ్ళ నాన్న.

ఆవిడ తన పేరు తనే రాసుకోగలిగింది, అది కూడా చిన్న విషయం కాదు. వాళ్ళమ్మ పెళ్ళి రిజిస్టర్‌లో సంతకం చోట ఇంటూ మార్కు ఉంది, పక్కన ఫలానా ఆమె గుర్తు అని పాస్టర్ రాసుకున్నాడు. ఇంగ్లండ్‌లో స్కూళ్ళ చట్టం 1870లో వచ్చింది, పిల్లల్ని బడికి పంపి తీరాలన్నది 1880లో. ఈవిడ పుట్టింది ఆ చట్టం వచ్చిన రోజుల్లోనే. ఒక్క తరం తేడాతో ఇంటూ మార్కు పోయి సంతకం వచ్చింది. అదే పెళ్ళి రిజిస్టర్‌లో ఆ వాళ్ళమ్మ తండ్రి పేరు గడి ఖాళీగా ఉంది, అడ్డంగా ఒక గీత. అలా ఖాళీ ఉంటే అర్థం ఏంటో ఇక్కడ అందరికీ తెలుసు. ఇలాంటప్పుడు మధ్య పేరు చూడమంటారు, పెళ్ళి కాని తల్లులు బిడ్డకి మధ్య పేరుగా ఆ మగాడి ఇంటిపేరు పెట్టేసేవాళ్ళు, చర్చి రాయనిస్తే రాయనీ లేకపోతే లేదు, పేరులో అయితే ఉంటుందిగా. ఆ వాళ్ళమ్మకీ ఉంది అలాంటి మధ్య పేరు ఒకటి. పోషణ ఖర్చు కోసం కోర్టుకి వెళ్ళుంటే ఆ కాయితం ప్రెస్టన్‌లో లాంకషైర్ ఆర్కైవ్స్‌లో ఉండొచ్చు, ఇంకా వెళ్ళలేదు.

మా మామగారి వైపు కథ వేరే. అటు ఒక ముత్తాతకి 1881 లెక్కల్లో పుట్టిన ఊరు అన్నచోట ఈస్ట్ ఇండీస్ అని పెట్టి ఊరుకున్నారు. ఇండియాలో పుట్టిన తెల్లవాళ్ళ బాప్టిజాలు, పెళ్ళిళ్ళు, అంత్యక్రియలు కాపీలు చేసి ఏటా లండన్‌కి పంపేవాళ్ళు, అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డ్స్‌లో ఉన్నాయి, బెంగాల్, మద్రాస్, బాంబే అని మూడు వరసలుగా. ఆన్‌లైన్‌లో కూడా చాలావరకు ఉన్నాయి. మద్రాస్ వరసలో వెతికితే పిల్లాడు దొరికాడు. తండ్రి ఉద్యోగం గన్నర్, రాయల్ ఆర్టిలరీ. నివాసం అన్న గడిలో ట్రిమల్‌గెరీ.

నేను పెరిగింది సికింద్రాబాద్ దగ్గర అల్వాల్‌లో. మా స్కూల్ బస్సు రోజూ తిరుమలగిరి క్రాస్‌రోడ్స్ సిగ్నల్ దగ్గర ఆగేది. ఆ స్పెల్లింగ్ చూసి ఒక్క క్షణం అర్థం కాలేదు, అర్థమయ్యాక మాత్రం మా ఆయన్ని కిచెన్లోంచి లాక్కొచ్చి చూపించా. అమ్మకి వాట్సాప్ కాల్ చేసి చెప్తే "ఏమే, అయితే అల్లుడు మన లోకలే అన్నమాట, ఇన్నాళ్ళూ ఫారిన్ సంబంధం అని చుట్టాల చేత మాటలు పడ్డాను" అంది. ఆ గన్నర్ గారి పెన్షన్ కాయితాలు లండన్‌లో నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, వాటిలో ఎత్తు, కళ్ళ రంగు, జుట్టు రంగు, ఒంటి మీద మచ్చలు, ప్రవర్తన, తాగి దొరికిన రోజులు అన్నీ రాస్తారు. ఈయనకి కుడి ముంజేయి మీద లంగరు పచ్చబొట్టు. ఫోటో లేని మనిషికి ఇంతకంటే ఏం కావాలి.

ఇదే వరసలో ఇంకొంచెం వెనక్కి, కంపెనీ రోజుల్లోకి వెళ్తే మాత్రం మనసు చివుక్కుమంటుంది. పిల్లాడి పేరు, తండ్రి పేరు, రెజిమెంటు అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, తల్లి మన దేశపు మనిషి అయితే చాలాచోట్ల ఆమె పేరు ఉండదు, ఉంటే ఒక బాప్టిజం పేరు ఒక్కటే, ఇంటిపేరు లేదు, ఊరు లేదు. ఇక్కడ ఎంతోమంది ఇంగ్లీషువాళ్ళు డీఎన్‌ఏ టెస్ట్ చేయించుకుని, ఆ రెండు మూడు శాతం సౌత్ ఏషియన్ ఎక్కణ్ణుంచి వచ్చిందా అని జుట్టు పీక్కుంటూ ఉంటారు. వాళ్ళ జవాబు ఆ ఖాళీ గడిలోనే ఉంది.

అన్నట్టు అమ్మ ఆ కాల్‌లోనే ఇంకో మాట అంది, "వాళ్ళ ముత్తాత పచ్చబొట్టు దాకా తవ్వావు గానీ మన తాతల పేర్లు చెప్పు చూద్దాం" అని. నిజమే, తర్పణం వదిలేటప్పుడు మూడు తరాలు చెప్తారు, నాలుగోది అడిగితే నాన్న కూడా పంతులుగారి మొహం చూస్తాడు. మనవైపు వెతకాలంటే భూమి కాయితాలే దిక్కు, 1954-55 ఖాస్రా పహాణీలో ఎవరి పేరు మీద ఏ సర్వే నంబర్ ఉందో దొరుకుతుంది, అది కూడా భూమి ఉన్నవాళ్ళకే. దాని గురించి ఇంకో పోస్టు రాస్తా, ఉర్దూ చదివిపెట్టే మనిషి దొరకాలి ముందు.

ఇంగ్లండ్ కాయితాల్లో కూడా పెద్ద పెద్ద కన్నాలు ఉన్నాయి లెండి. 1931 సెన్సస్ మొత్తం 1942లో గోడౌన్‌లో మంటలకి పోయింది, బాంబులు కూడా కాదు, మామూలు అగ్నిప్రమాదం. 1941ది యుద్ధం వల్ల తియ్యనే లేదు. మొదటి ప్రపంచ యుద్ధం సిపాయిల ఫైళ్ళు సగానికి పైగా 1940లో లండన్ మీద బాంబింగ్‌లో కాలిపోయాయి. అందుకే 1921కీ మమ్ కాలానికీ మధ్య మిగిలింది 1939 సెప్టెంబర్ 29న తీసిన రిజిస్టర్ ఒక్కటే, రేషన్ కార్డులకీ గుర్తింపు కార్డులకీ తీసింది. అందులో నాయనమ్మ గారు ఉన్నారు, దాదాపు డెబ్బై ఏళ్ళు. వృత్తి అన్నచోట అన్‌పెయిడ్ డొమెస్టిక్ డ్యూటీస్. జీతం లేని ఇంటిపని. ఆ పేజీలో ఆడవాళ్ళందరికీ వరసగా అదే. మమ్ అది చదివి నేను ఇక్కడ రాయలేని మాట ఒకటి అంది.

1921 సెన్సస్ 2022 జనవరిలో తెరిచారు, దాంట్లో మాకు రెండు గళ్ళు దొరికాయి. పదిహేనేళ్ళ లోపు పిల్లలకి తల్లిదండ్రులు ఉన్నారా లేరా అని ఒక గడి పెట్టారు, యుద్ధంలో ఎంతమంది పిల్లలు అనాథలయ్యారో తెలుసుకోవడానికి. మమ్ వాళ్ళ నాన్నకి ఎదురుగా ఫాదర్ డెడ్ అని ఉంది. పన్నెండేళ్ళు కూడా నిండని పిల్లాడు. ఇంకోటి, ఎవరి దగ్గర పనిచేస్తున్నారు అనే గడి. వాళ్ళ పెద్దక్క, అంటే మమ్‌కి మేనత్త, కాటన్ మిల్లులో వీవర్.

ఇది చదవగానే మమ్ కుర్చీలోంచి లేచింది. ఆ మేనత్త తనకి బాగా గుర్తట, మాట్లాడేటప్పుడు గొంతు పెంచేది కాదు, పెదాలు మాత్రం అంతంత పెద్దగా కదిపేది, చర్చిలో ఆ చివర కూర్చున్న స్నేహితురాలితో ఈ చివర నుంచి ఒక్క శబ్దం లేకుండా కబుర్లన్నీ చెప్పేసుకునేది, పిల్లలందరూ ఆవిడకి కొంచెం తిక్క అనుకునేవాళ్ళట. తిక్క కాదు. లాంకషైర్ మగ్గాల షెడ్డుల్లో వందల మరమగ్గాలు ఒకేసారి కొట్టుకుంటుంటే పక్కవాళ్ళ మాట వినిపించదు, సిరిసిల్లలో ఒక షెడ్డులో నిలబడి చూడండి మీకే తెలుస్తుంది, అందుకని అక్కడి ఆడవాళ్ళు పెదాలతోనే మాట్లాడుకోవడం నేర్చుకున్నారు, దానికి మీమా అని పేరు కూడా ఉంది. మమ్ నాకు చేసి చూపించింది, టీ కావాలా అని. ఒక్క ముక్క అర్థం కాలేదు, మా ఆయనకి మాత్రం ఎలాగో అర్థమైంది, వెళ్ళి కెటిల్ ఆన్ చేశాడు.

మమ్ ఇప్పుడు 1951 కావాలంటోంది, అందులో తను ఉంది, ఆరేళ్ళ పిల్ల. "అది తెరిచేది 2052లో మమ్" అని నేనంటే, వేళ్ళ మీద లెక్కపెట్టుకుని "సరే, నువ్వు చూడు, మా అమ్మ వృత్తి గడిలో ఏం రాశారో ముందు అది చూడు" అని టీ తాగుతూ ఆర్డర్ వేసింది.